నాలుగు చిల్లుల బిస్కెట్లు

సాయంత్రం నాలుగయ్యేసరికి ఆ షెడ్డులో ఎనిమిది కుట్టుమిషన్లూ ఒక్కసారిగా ఆగిపోతాయి. గంట కొట్టేవాళ్ళెవరూ లేరు. బొత్తాలక్క తన రేకుడబ్బా మూత టప్పుమని ఊడదీస్తుంది, అదే గంట. ఇస్త్రీ మావయ్య ప్లగ్గు పీకేసి, ఇంకా వేడి దిగని తన బల్ల మీద పాత దుప్పటి మడతపెట్టి పరుస్తాడు. టీ వస్తుంది. డబ్బా మధ్యలోకి వస్తుంది. ఎవరి స్టూలు వాళ్ళు ఈడ్చుకుంటూ చుట్టూ చేరతారు.

డబ్బాలో ఉండేవి బిస్కెట్లు. ఇంట్లో చేసినవి. కోటు బొత్తాల్లాగే గుండ్రంగా, చుట్టూ అంచుతో, మధ్యలో నాలుగు చిల్లులతో ఉంటాయి. మరగబెట్టిన నీళ్ళలో కడిగిన పెద్ద బొత్తాన్ని పచ్చిపిండి మీద నొక్కి, దాని చిల్లుల్లోంచే సన్నటి పుల్లతో గుచ్చుతుంది అక్క. తినేదానికి ఇంత సింగారం దేనికమ్మా అని ఎవరైనా అడిగితే, పొంగకుండా ఉండటానికి అంటుంది. చూస్తే ముద్దొస్తాయని అసలు కారణం. అది మాత్రం బయటికి చెప్పదు.

ఆ షెడ్డులో కుట్టేవి డాక్టర్లు వేసుకునే తెల్లకోట్లు. తెల్లబట్టతో పని అంటే మాటలు కాదు, ఈగ వాలి లేచినా తెలిసిపోతుంది. అందుకే అక్క దగ్గర ఒక రూలుంది. ముందు మోచేతులదాకా కడుక్కుని రావాలి, అప్పుడే బిస్కెట్. తిన్నాక మళ్ళీ కడుక్కోవాలి, అప్పుడే మిషను. జేబులు కుట్టే పిల్ల ఒకతి ఉంది, నోరు మూతపడదు కాబట్టి అందరూ పిట్ట అంటారు. ఆ పిట్ట ఒకరోజు ఒక చెయ్యే కడుక్కొచ్చిందని సగం బిస్కెట్టే ఇచ్చింది అక్క. ఆ సంగతి చెప్పుకుని షెడ్డంతా వారం రోజులు నవ్వింది.

అలాంటి అక్క చేతుల మీదికే నింద వచ్చింది ఆ సోమవారం.

డబ్బా మూత తీసి ఇంకా ఎవరూ చెయ్యి పెట్టలేదు, యజమానురాలు మేడం మూడు కోట్లు చేతి మీద వేసుకుని వచ్చింది. వెనకే చెకింగ్ సార్. షెడ్డు చివర అద్దాల గది ఆయనది. కుట్టిన ప్రతి కోటూ బొత్తాలు పడ్డాక ఇస్త్రీకి వెళ్ళి, ఇస్త్రీ నుంచి ఆయన గదికి వెళ్ళి, ఆయన కళ్ళకింద నుంచి దూరి, ఆయన చేత్తోనే మడతపడి కవర్లోకి వెళ్ళాలి. బాగుంటే ముద్ర, బాగాలేకపోతే సుద్దముక్కతో ఇంటూ మార్కు, "రిపేరుకి పంపాలి" అన్న ఒక్క మాట. మాట తక్కువ మనిషి. ఆయన సుద్దముక్క అంటే అందరికీ హడలు.

"ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాయి," అంది మేడం, కోట్లు బల్ల మీద పరిచి. "ఒక్కసారి ఉతికేసరికి ఇవి తేలాయట. ఉతికితే పోలేదు కూడా."

అందరూ వంగి చూశారు. మూడింటికీ ఒకే చోట, కాలరు కింద రెండు భుజాల మీదా, వేలిముద్రంత లేత పసుపు మరకలు.

"నూనె మరకలు మేడం," అన్నాడు చెకింగ్ సార్ నెమ్మదిగా. ఆయన చూపు డబ్బా మీద పడింది. "ఇంట్లో చేసినవాటిలో వెన్న అదీ వేస్తారు కదా."

అంతే అన్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు. కానీ వెన్న వేసేది ఎవరో, డబ్బా ఎవరిదో షెడ్డులో గోడలకి కూడా తెలుసు.

మేడం చెడ్డది కాదు. తొందర మనిషి, అంతే. "చూడమ్మా," అంది అక్కతో, "నీ పనితనానికి నేనేం వంక పెట్టడం లేదు. కానీ ఇక్కడ చేతి శుభ్రం ముఖ్యం. ఈ వారం ఆర్డరు ముగించెయ్. వచ్చే సోమవారం నుంచి వెనక గదిలో అట్టపెట్టెలు కట్టే పని చూసుకో. బొత్తాలు ఇంకెవరికైనా అప్పజెబుదాం."

అక్కకి తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ళుగా బొత్తాలు కుడుతున్న చేతులవి. తప్పు కుట్టావంటే ఊడదీసి కుట్టేది, ఆలస్యం చేశావంటే తలొంచుకునేది. చెయ్యి శుభ్రం లేదంటే ఏం చెయ్యాలి మనిషి?  డబ్బా మూత పెట్టేసింది. ఆ మూత పెట్టేటప్పుడు కూడా టప్పుమనే అంది గానీ, ఎవరూ స్టూళ్ళ మీద నుంచి లేవలేదు.

మర్నాటికి గోడ మీద కాగితం అంటించారు. పనిచేసే చోట ఇంటి నుంచి తెచ్చిన చిరుతిళ్ళు తినరాదు, సీలు వేసిన పాకెట్లకు మాత్రమే అనుమతి అని. కాగితం కింద అట్టపెట్టె, అట్టపెట్టె నిండా పాకెట్లు. పాపం, మేడం తనే తెప్పించింది. తిండి మాన్పించిందన్న మాట రాకూడదని ఆవిడ తాపత్రయం.

నాలుగింటికి పిట్ట ఒక పాకెట్ చింపింది. బుస్సుమని గాలి పోయింది. లోపలికి తొంగి చూసి, "అక్కా, ఇందులో ఎవరో ముందే తినేసి గాలి నింపి అతికించారు," అంది. అడుగున గుప్పెడు ఉబ్బు చిప్సు ఉన్నాయి, వాటినిండా నారింజరంగు పొడి. ఒకటి నోట్లో వేసుకుంది. "కరకరమంది. ఆ తర్వాత ఏమైపోయిందో తెలీదు."

"రుచి ఎలా ఉంది?" అడిగాడు ఇస్త్రీ మావయ్య.

"రుచి వేళ్ళకే ఉంది మావయ్యా." పిట్ట వేళ్ళు చూపించింది. మూడు వేళ్ళూ నారింజ రంగులో మెరుస్తున్నాయి. అలవాటు కొద్దీ ఒక తెల్లటి గుడ్డపీలిక అందుకుని తుడుచుకుంది. అది చూసి అక్క ప్రాణం చివుక్కుమంది, అట్టపెట్టెల గదికి పోవాల్సిన మనిషైనా సరే.

"ఏయ్, తెల్లబట్టకి తుడుస్తావా. ఇటివ్వు." పీలిక లాక్కుని కుళాయి కింద సబ్బేసి రుద్దింది. నారింజరంగు నురగలో కలిసి పోయింది. గుడ్డ పిండి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మరక మాత్రం పోలేదు. రంగు విరిగి లేత పసుపు మిగిలింది.

అక్క చేతులు అలాగే ఆగిపోయాయి. తిరిగొచ్చిన కోట్లలో ఒకటి మరక వదులుతుందేమో చూడమని మేడం ఆమె దగ్గరే వదిలిపెట్టింది. గబగబా తెచ్చి పీలికని దాని పక్కన పెట్టింది. అదే పసుపు.

"మావయ్యా, ఒకసారి ఇలా రా," అంది గొంతు తగ్గించి.

ఇస్త్రీ మావయ్య కళ్ళజోడు సర్దుకుని మరక మీద వేలితో రుద్దాడు. "ఇంకో మాట చెప్పనా తల్లీ. ఇది నా ఇస్త్రీపెట్టె కిందికి వచ్చిన మరక కాదు. ఇస్త్రీకి ముందే ఉండుంటే వేడికి మాడి గోధుమరంగుకి తిరిగేది. ఇది ఇస్త్రీ అయ్యాక పడింది."

ఇస్త్రీ అయ్యాక కోటు ఇంకెవరి చేతుల్లోకి వెళుతుంది? ముగ్గురూ ఒకేసారి అద్దాల గది వైపు చూశారు. చెకింగ్ సార్ తల వంచుకుని కోటు మడతపెడుతున్నాడు.

"అమ్మ దొంగా," అంది పిట్ట.

"నోరు మూసుకో," అంది అక్క. "రేపు కళ్ళతో చూశాకే మాట్లాడదాం."

ఆ సాయంత్రం ఇంట్లో అక్క పిండి డబ్బా వంక చూసి మొహం తిప్పుకుంది. ఆమె అత్తగారు వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని అంతా చూస్తూనే ఉంది. ఆవిడకి మిగిలిన పళ్ళు మూడు. ఆ మూడింటితోనే ఇంట్లో వండే ప్రతిదానికీ తీర్పు చెబుతుంది. బిస్కెట్లు నేర్పింది కూడా ఆవిడే.

"ఏం, ఇవాళ పిండి కలపవా?"

"ఎవరికోసం అత్తయ్యా. అక్కడ తినకూడదని నోటీసు పెట్టేశారు."

"నోటీసు షెడ్డులో పెట్టారు. నా నోటికి పెట్టలేదుగా."

అక్కకి ఆ రెండ్రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది. నవ్వొచ్చాక ఇంక చేతులు ఊరుకోవు. వెన్న, పంచదార గిన్నెలో వేసి చెక్కగరిటెతో తెల్లగా నురగలా అయ్యేదాకా గిలక్కొట్టింది. గోధుమపిండి జల్లించింది. నువ్వులు దోరగా వేయించేసరికి ఇల్లంతా కమ్మటి వాసన. పాలు చుక్కచుక్కగా పోస్తూ పిండి ముద్ద చేస్తుంటే, అత్తగారు కుర్చీలోంచే, "చాలు, చాలు, ఇంకో చుక్క పోస్తే అతుక్కుంటుంది," అంది. చూడకుండా ఎలా చెబుతుందో ఆ మహాతల్లికే తెలియాలి. చప్పుడుని బట్టి అంటుంది.

పిండిని పరిచి, గ్లాసుతో గుండ్రంగా కోసి, బొత్తాం నొక్కి, పుల్లతో గుచ్చుతూ అక్క జరిగిందంతా చెప్పింది. "రేపు ఆయన బండారం మేడం ముందు బయటపెట్టేస్తాను. అందరి ముందూ. నన్నెలా నిలబెట్టాడో అలాగే నిలబెడతాను."

"నిలబెట్టు. కానీ కడుపునిండా తిని వెళ్ళు. ఖాళీకడుపుతో పోట్లాడితే మాటలు తడబడతాయి."

మొదటి వాయి ఓవెన్ నుంచి దిగింది. అంచులు ఎర్రగా, మధ్యలో మెత్తగా. అత్తగారు ఒకటి టీలో ముంచి, మూడు పళ్ళ మధ్యా తిప్పి, కళ్ళు మూసుకుంది. "బాగానే ఉన్నాయి," అంది. ఆవిడ నోట ఆ మాట వచ్చిందంటే, ఇంకొకరు పండగ చేసుకున్నంత. అక్క పొద్దున్న వెళుతూ ఆలోచించకుండానే డబ్బా సంచిలో పెట్టుకుంది. అలవాటు మరి.

బుధవారం అక్క బొత్తాలు కుడుతూనే అందరి చేతులూ గమనించింది. ఆమె ఎప్పుడూ కోటుని ముందుపట్టీ దగ్గర పట్టుకుంటుంది. బొత్తాలుండేది అక్కడే కాబట్టి వేరే దారి లేదు. మావయ్య చెయ్యి కోటు చేతుల మీదా వీపు మీదా పడుతుంది, కాలరు జోలికి పెట్టె కొనే తప్ప వేలు పోదు. చెకింగ్ సార్ ఒక్కడే కోటుని రెండు భుజాల దగ్గర, కాలరు కింద, రెండు బొటనవేళ్ళతో అదిమి పైకెత్తి వెలుతురుకి పట్టి చూస్తాడు. మరకలున్నది సరిగ్గా ఆ రెండు బొటనవేళ్ళ కింద, ఆయన కంటికే కనపడని చోట. ఇంకేం కావాలి?

నాలుగైంది. అక్క డబ్బా మూత తియ్యలేదు. మరకల కోటు చేతి మీద వేసుకుంది, పీలిక గుప్పిట్లో పెట్టుకుంది. మేడం గదికి వెళ్ళాలంటే అద్దాల గది దాటి వెళ్ళాలి. దాటుతూ లోపలికి చూసింది.

చెకింగ్ సార్ తన కుర్చీలో ఒక్కడే ఉన్నాడు. బల్ల సొరుగు జానెడు తెరిచి ఉంది, అందులో ఎప్పటెప్పటివో ఖాళీ పాకెట్లు కుక్కి ఉన్నాయి. ఎడమచేత్తో కోటు అంచు పట్టుకుని, కుడిచెయ్యి సొరుగులోకి పోనిచ్చి, ఒక చిప్సు తీసి, ఎవరైనా చూస్తారేమోనని బయటికి చూసుకుంటూ నోట్లో వేసుకున్నాడు. ఆ చూసుకోవడంలో అక్క కళ్ళల్లో పడ్డాడు. నమలడం మానేశాడు. సొరుగు మూద్దామంటే చెయ్యి అందులోనే ఉంది.

అక్క తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. కోటు పరిచింది. పీలిక మరక పక్కన పెట్టింది. ఆయన రెండు బొటనవేళ్ళ వంకా చూసింది. కుడిది నిండా నారింజ రంగు, ఎడమదానికి కూడా కాస్త అంటుకుని ఉంది.

ఆయన కోటునీ, పీలికనీ, తన వేళ్ళనీ చూశాడు. లోపం కనిపెట్టడమే ఆయన ఉద్యోగం, ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

"నేనే," అన్నాడు. "అబద్ధం చెప్పాలని అనలేదమ్మా. నిజంగానే వెన్న అనుకున్నాను. నా చెయ్యి నేనెప్పుడు చూసుకున్నాను."

"అందరి చేతులూ చూస్తారు కదా సార్."

ఆయన సొరుగు మూసేశాడు. అక్క నోట్లో ఇంకా బోలెడు మాటలున్నాయి. దార్లోనే మాట మీద మాట పేర్చుకుని వచ్చింది. మొదలుపెడదామని తల ఎత్తేసరికి అద్దంలోంచి ఇస్త్రీ బల్ల కనిపించింది. మొత్తం బల్ల. పిట్ట చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది, మావయ్య పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మాటలు వినపడటం లేదు, నవ్వు మాత్రం వినపడుతోంది. ఈ కుర్చీలో కూర్చుంటే రోజూ కనిపించేది ఇదేనా అనుకుంది.

ఆమె చూపెటుందో ఆయనకి అర్థమైంది. "ఆరేళ్ళుగా చూస్తున్నాను," అన్నాడు. "డబ్బా అందరి దగ్గరికీ వెళుతుంది. ఇటు మాత్రం ఎప్పుడూ రాలేదు."

"మీరు సార్ కదా. మాతో కూర్చుని తింటారా అనుకున్నాం."

"అడిగి చూడాల్సింది."

 ఆరేళ్ళలో ఒక్కసారైనా ఆ గది తలుపు తట్టి ఒక బిస్కెట్ ఇవ్వాలని అక్కకి తోచలేదు. కోపం పోలేదు గానీ, పేర్చుకొచ్చిన మాటలు మాత్రం చెల్లాచెదురైపోయాయి. దానికి ఆమెకి చెడ్డ చిరాకేసింది. చక్కగా పోట్లాడదామని కడుపునిండా తిని వచ్చిన మనిషి.

బయటికి వెళ్ళి సంచిలోంచి డబ్బా తెచ్చింది. "ముందు చేతులు కడుక్కు రండి. మోచేతులదాకా."

ఆయన కడుక్కొచ్చాడు. ఒక బిస్కెట్ తీసుకుని, రెండు చేతులతో ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. చిల్లులు సమానంగా ఉన్నాయో లేదో చూస్తున్నాడని అక్కకి తెలిసిపోయింది. తర్వాత కొరికాడు. నమిలాడు. ఇంకోటి అడగకుండానే తీసుకున్నాడు.

"మా ఇంట్లో ఇలా చేసిపెట్టేవాళ్ళు లేరు," అన్నాడు.

"చేతులు లేవా మీకు?"

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. ఈసారి శ్రద్ధగానే చూసుకున్నాడు. తర్వాత కాగితం, పెన్సిలూ తీసి, "చెప్పండి," అన్నాడు.

కొలతలు చెప్పింది. ఎంత మందం అని అడిగితే, ఇంత అని వేళ్ళతో చూపించింది. ఆయన టేపు తీసి ఆమె వేళ్ళ మధ్య సందు కొలిచి రాసుకున్నాడు. దోరగా అంటే ఎన్ని నిమిషాలన్నాడు. వాసన వచ్చేదాకా అంది. వాసన ఎన్నో నిమిషానికి వస్తుందన్నాడు. పోట్లాటకి వచ్చి పాఠం చెబుతున్నానేమిటి దేవుడా అనుకుంటూ, ఒక కొత్త కోటు బొత్తాం ఆయన చేతిలో పెట్టింది.

తలుపు దగ్గర ఆగింది. "మేడంకి నేను చెప్పను సార్. మీరే చెప్పాలి. సోమవారం నేను ఆ వెనక గదికి పోకముందే."

ఆయన తలూపాడు.

తలూపడం సులువే. గురువారం ఆయన అద్దాల గదిలోంచి బయటికి రాలేదు. శుక్రవారం రెండుసార్లు మేడం గది దాకా వెళ్ళి, గుమ్మం దగ్గర సుద్దముక్క అటూ ఇటూ తిప్పుకుని వెనక్కి వచ్చాడు. అక్క బొత్తాలు కుడుతూ ఆ రెండుసార్లూ చూసింది. ఏమీ కానట్టు దారం కొరికింది. "నేను వెళ్ళి చెప్పేస్తానక్కా," అని పిట్ట ఒంటికాలి మీద లేచింది. "అక్కర్లేదు," అంది అక్క. "ఆయన చేత్తో చేసింది ఆయన నోటితోనే చెప్పాలి." అలా అందే గానీ, ఆ సాయంత్రం తన సూదులపెట్టె సర్ది తాడుతో కట్టి పెట్టుకుంది. వెనక గదిలో సూదులతో పనేముంటుంది?

శనివారం పొద్దున్న షెడ్డులోకి రాగానే గోడ బోసిగా కనిపించింది. కాగితం లేదు. దాని కింద అట్టపెట్టె కూడా లేదు. మేడం మధ్యలో నిలబడి ఉంది, పక్కన చెకింగ్ సార్. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"సార్ నిన్న అందరూ వెళ్ళాక వచ్చి చెప్పారు," అంది మేడం. అక్క దగ్గరికి వచ్చి కట్టిన సూదులపెట్టె చూసి నొచ్చుకుంది. "ఆ రోజు అడగాల్సింది అడగకుండా అనేశాను. తప్పు నాది కూడా. ఆ తాడు విప్పెయ్ అమ్మా. బొత్తాలు నీవే."

అక్కకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కనపడకుండా వంగి తాడు విప్పడం మొదలుపెట్టింది. ముడి గట్టిగా పడింది, ఊడిరాలేదు. పిట్ట కత్తెరతో టక్కున కోసేసింది.

మేడం కొత్త కాగితం తనే అంటించింది. తినడానికి ముందూ తర్వాతా చేతులు మోచేతులదాకా కడుక్కోవాలి అని. కింద ఎవరో పెన్సిల్‌తో, సార్లు కూడా, అని రాశారు. ఆ చేతిరాత అచ్చం కోట్ల లెక్క రాసే చెకింగ్ సార్ చేతిరాతలాగే ఉంది. పిట్ట దాన్ని చదివి పొలమారేలా నవ్వింది.

నాలుగింటికి అక్క డబ్బా మూత టప్పుమంది. మిషన్లు ఆగాయి. అద్దాల గది తలుపు తెరుచుకుంది. చెకింగ్ సార్ వస్తున్నాడు, చేతులు మోచేతులదాకా తడిగా, చంకలో ఒక కొత్త స్టీలుడబ్బాతో. అందరూ లేచి నిలబడబోయారు. "కూర్చోండి, కూర్చోండి," అన్నాడు. మావయ్య ఒక స్టూలు ముందుకి తోశాడు.

డబ్బా తెరిచాడు. అందరూ మెడలు చాచారు. బిస్కెట్లే, అందులో అనుమానం లేదు. అన్నీ ఒకే కొలత, ఒకే మందం, చిల్లులు గీత గీసినట్టున్నాయి. కానీ అడుగులు మాత్రం మాడి నల్లగా ఉన్నాయి.

అక్క ఒకటి తీసుకుంది. రెండు బొటనవేళ్ళ మధ్యా పట్టుకుని, వెలుతురుకి ఎత్తి, ముందూ వెనకా తిప్పి చూసింది. ఆయన బల్ల మీది సుద్దముక్కకి ఎదురుగా వాళ్ళందరూ ఎన్నిసార్లు ఊపిరి బిగబట్టి నిలబడ్డారో, ఇవాళ ఆయన అలాగే నిలబడ్డాడు. కొరికింది. గట్టిగా ఉంది. చాలాసేపు నమిలింది.

"రిపేరుకి పంపాలి సార్," అంది.

షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టి, అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది ఆయనే. అంత పెద్ద నవ్వు ఆయన దగ్గరుందని ఎవరికీ తెలీదు. నవ్వుతూనే అందరూ తలా ఒకటి తీసుకున్నారు, టీలో నానబెట్టుకుని మరీ తిన్నారు. డబ్బా ఖాళీ అవుతుంటే అక్క ఒకటి తీసి చేతిరుమాల్లో చుట్టుకుంది.

ఇంటికొచ్చి దాన్ని అత్తగారి సాసరులో పెట్టింది. ఎవరు చేశారో, ఎందుకు చేశారో చెప్పలేదు. తీర్పు చెప్పే మనిషికి ముందే చెబితే ఎలా? అత్తగారు టీలో ఒకసారి ముంచింది, మెత్తబడలేదు. రెండోసారి ముంచింది. మూడు పళ్ళ మధ్యా తిప్పింది. కళ్ళు మూసుకుంది.

"కొత్త చెయ్యి, మగచెయ్యి," అంది. "మంట ఎక్కువ పెట్టాడు. నువ్వులు వేయించడం రాలేదు. పిండి ఎక్కువసేపు పిసికాడు, పాపం భయపడుతూ పిసికినట్టున్నాడు."

"ఇంకేం తెలుస్తోంది అత్తయ్యా?"

అత్తగారు కళ్ళు తెరిచి, మిగిలిన ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి నోట్లో వేసుకుంది.

"చెయ్యి మాత్రం శుభ్రమైనదే. మళ్ళీ చెయ్యమను."